నీరు పండిన వేళ

ఇంట్లో కొత్తగా చేపల తొట్టి పెట్టుకున్నవాళ్లను కదిపి చూడండి. ముందుగా వినబడేవి చేపల పేర్లే. ఏంజెల్, గప్పీ, మోలీ, టెట్రా. ఆ పేర్లు పలికేటప్పుడు వాళ్ల కళ్లలో ఒక తళుకు తేలుతుంది. ఆ తళుకంటే నాకెంతో ప్రేమ. అయినా నన్నడిగితే తొట్టి అందమంతా నీటి దగ్గరే మొదలవుతుందంటాను. మన ఆలంకారికులు రసానికి రెండు రకాల విభావాలు చెప్పారు. నాయికానాయకులు ఆలంబనం, వెన్నెల, పూపొద, చల్లగాలి, కోకిల కూత ఉద్దీపనం. తొట్టిలో చేప ఆలంబనం. ఇసుక, రాయి, వేరు, ఆకు, వెలుగు, వీటన్నిటినీ తనలో కలుపుకున్న నీరు ఉద్దీపనం. వెన్నెల లేని చోట, పూపొద లేని చోట, నాయికను ఒంటరిగా తెచ్చి నిలబెడితే ఆమె అందం ఎవరి మనసును తడుపుతుంది? కొత్త తొట్టి ముందు కూర్చుని ఆ ఉద్దీపనాన్ని పొర మీద పొరగా పేర్చుకుంటూ పోవడంలోని ఆనందం, చేప వచ్చాక కలిగే ఆనందానికి ఏ మాత్రం తీసిపోదు. రండి, ఆ వరసలోనే చూద్దాం.

తొట్టి పెద్దది కానక్కర్లేదు. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 36 ఎత్తు. అంచుల దాకా నింపినా 65 లీటర్లు మించదు. ఆ గాజుపెట్టె ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి తనివితీరా చూడండి, ఎంత నిర్మలం, ఎంత నిరాకారం! లోపల ఏమీ లేదు, ఏదైనా రావచ్చు. ఇక్కడే నాకు తకాషి అమానో గుర్తొస్తాడు. 1954లో జపాన్‌లోని నిగటాలో పుట్టిన ఈ నీటితోటల కళాకారుడు గొప్ప ఛాయాచిత్రకారుడు కూడా. పెద్ద పెద్ద కెమెరాలు మోసుకుని అమెజాన్ అడవుల్లో, బోర్నియో అడవుల్లో, తన దేశంలోని సాదో దీవి వనాల్లో తిరిగాడు. నాచు కమ్మిన రాయినీ, ఒరిగిన మానునూ, వాటి నడుమ మిగిలిన జాగానూ కళ్ల నిండా నింపుకుని వచ్చి గాజుతొట్టిలో నాటాడు. చివరగా 2015లో లిస్బన్ ఓషనేరియంలో 40 మీటర్ల పొడవున, 1,60,000 లీటర్ల నీటిలో, ఉష్ణమండలపు అడవినే ముంచి నిలిపాడు. ఆ ఏడాది ఆగస్టులోనే కన్నుమూశాడు. మన రెండడుగుల తొట్టి ఎక్కడ, ఆ మహారణ్యం ఎక్కడ! అయినా పెద్ద రాయిని నట్టనడుమ కాక కాస్త పక్కకు జరిపి, ఏటి ఒరవడికి వాలినట్టు ఒరిగించి నిలిపే ప్రతి చేతి వెనకా ఆయన చేయి ఉంది.

నీళ్లు పోయకముందు పొడి తొట్టిలో జరిగే ఈ కూర్పు మీద నేను పూటలకు పూటలు గడపగలను. నల్లని సన్నని ఇసుక, ముందు పలచగా, వెనక్కి పోనుపోను ఎత్తుగా. వంకర్లు తిరిగిన ఒక ఎండు వేరు, డ్రిఫ్ట్‌వుడ్ పేరుతో అమ్ముతారు, చేయి చాచి దేన్నో అందుకోబోతున్నట్టు. దాని మొదట్లో మూడు రాళ్లు. నాపరాయి ముక్కలు మాత్రం వద్దు. అది సున్నపురాయి, నీటిని కఠినజలం చేస్తుంది, మనం పిలవబోయే అతిథులు మెత్తని నీటి బిడ్డలు. గోదావరి తిన్నెల మీద దొరికే నున్నని పలుగురాళ్లు చాలు. నీలిరంగు, గులాబీరంగు పూసిన గులకల జోలికి పోవద్దని గట్టిగానే చెబుతాను. నేల రంగులమయమైతే చేప వెలవెలబోతుంది. నేల చీకటైతే చేప దీపమవుతుంది. తొట్టి వెనక గాజుకు నల్ల కాగితం అంటించడం కూడా అందుకే. ఇక మిగిలింది ఖాళీ. కుడివైపు మూలన రాయీ మొక్కా లేని ఇసుక జాగా, కావాలని వదిలినది, చూపు కాసేపు సేదదీరే చోటు. వేణువు పలుకుకూ పలుకుకూ నడుమ నిలిచే మౌనం పాటలో ఎంత భాగమో, ఆ ఖాళీ ఈ కూర్పులో అంత భాగం.

ఇప్పుడు నీరు. ఇసుక చెదరకుండా అడుగున ఒక పళ్లెం పెట్టి, దాని మీదికి సన్నని ధార. ఎంత నెమ్మదిగా పోస్తే అంత మంచిది, అంత అందం కూడా! నీటిమట్టం రాళ్ల పాదాలను తాకుతుంది. వేరు మొదలును తడుపుతుంది. తడిసిన వేరు బూడిదరంగు విడిచి నల్లని గోధుమవన్నెకు తిరుగుతుంది. ఎండి నిద్రపోయిన రాళ్లలో చారలు, ఎర్రజీరలు, పచ్చని మచ్చలు ఒక్కొక్కటే మేలుకుంటాయి. ఏటి ఒడ్డున ఏరినప్పుడు ఆ రాయిని ఎందుకంత ముచ్చటపడి జేబులో వేసుకున్నామో, నీరు మళ్లీ గుర్తుచేస్తుంది.

దీపం వేయగానే ఇసుక మీద వల పరుచుకుంటుంది. వెలుగు అల్లిన వల! ఫిల్టర్ నుంచి దూకే ధార నీటి పైపొరను కదిలిస్తుంటే, ఆ చిట్టి అలలు కాంతిని పోగుచేసి, విడదీసి, మళ్లీ పోగుచేసి, నేల మీద బంగారు కన్నులుగా ఆడిస్తాయి. ఏ జాలరీ అల్లలేనిది, ఏ చేపా చిక్కనిది, రెప్పపాటుకో తీరున మారేది. తొట్టిలో ఇంకా ప్రాణి లేదు, అప్పుడే నాట్యం మొదలైపోయింది! ఇక నేల మీద చతికిలబడి, తొట్టి అడుగుకు సమంగా కన్ను పెట్టి పైకి చూడండి. నీటి పైతలం మాయమై, దాని చోట ఒక వెండిపలక. కింది నుంచి ఏటవాలుగా వెళ్లిన చూపు నీటిని దాటి బయటపడలేక తిరిగి నీటిలోకే మళ్లుతుంది. అందువల్ల రాయి పైన తలకిందుల రాయి, వేరు పైన తలకిందుల వేరు, మొత్తంగా ఒక రెండో అడవి. పెట్టెలో పోసింది 65 లీటర్ల లోపే, కంటికి దొరికింది రెండు లోకాలు! ముందుముందు ఇందులో చేప పైకి తేలినప్పుడు వెండిలోంచి దాని జంట దిగివస్తుంది. రెండు మూతులు ఆ అద్దం మీద కలుసుకునే క్షణం కోసం కాచుకుని కూర్చోవలసిందే.

ఆ క్షణానికి ఇంకా వారాలున్నాయి. కొళాయి నీటిలోని క్లోరిన్‌ను వదిలించడం తేలికే. నీరు పండడానికే సమయం కావాలి. చేపలు విడిచే అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులు ఇసుకలో, ఫిల్టర్ స్పాంజిలో కాపురం కుదుర్చుకోవడానికి మామూలుగా 4 నుంచి 6 వారాలు. ఇలాంటి జీవుల బతుకును మట్టిలో వెదికి పట్టుకుని 1890 ప్రాంతంలో లోకానికి చెప్పినవాడు సెర్గేయ్ వినోగ్రాడ్‌స్కీ. ఆవకాయ జాడీకి వాసెన కట్టి, మూడోనాటి తిరగకలుపు కోసం ఎదురుచూసే చేతికి ఈ నిరీక్షణ రుచి బాగా తెలుసు. తొందరపడి చేపలను వదిలేవాళ్లు చేపలకే కాదు, తమ కళ్లకూ అన్యాయం చేసుకుంటారు. ఎందుకంటే ఈ వారాల్లో చూడవలసింది ఎంతో ఉంది. మొదట నీరు తెలిమంచు కమ్మినట్టు మసకబారుతుంది. భయం లేదు. ఒక ఉదయం ఆ మంచు తనంతట తానే విడిపోతుంది. అప్పుడు దిగే తేటదనం కొళాయి నీటి తేటదనం కాదు. కొళాయి నీటిలో ఏదో బోలుతనం. పండిన నీటిలో లోతు. మూత తీసి వంగి వాసన చూడండి. తొలకరికి తడిసిన నేల వాసన!

మొక్కలకూ ఇది మార్పుకాలం. క్రిప్టోకోరైన్ ఆకులు మొదట కరిగిపోయి మనసును ఉసూరుమనిపిస్తాయి. వేరు పట్టుకున్నాక కొత్త ఆకు చుట్ట విప్పుకుంటూ వస్తుంది, రాగి మెరుపుతో, అంచున సన్నని ముడతలతో. దారంతో వేరుకు కట్టిన జావా మాస్ పచ్చని నూగై పాకుతుంది. వాలిస్నేరియా నాడాలాంటి పొడుగు ఆకులు నీటి ఎత్తంతా ఎదిగి, పైతలానికి చేరి, అక్కడ వంగి ధార వెంబడి పరుచుకుంటాయి. దీపం వేసిన కొన్ని గంటలకు, ఆకులు విడిచే ప్రాణవాయువును ఇముడ్చుకోగలిగినంత ఇముడ్చుకుని నీరు ఇక చాలంటుంది. అప్పుడు ఆకుల కొసల్లో ముత్యాలు పుడతాయి! ఒక్కో ఆకు నుంచి ఒక్కో సరం, వెండి బిందువులు, తొణకని వరసలో, పైకి, పైపైకి. అడవి శ్వాసించడం మనకు కంటితో చూసే భాగ్యం ఇంకెక్కడ ఉంది!

ఇక నాకు అన్నిటికన్నా ప్రియమైన ఘట్టం. మన ఊళ్లలో బాదంచెట్టుకు కొదవ లేదు. రాలే కాలం వచ్చినప్పుడు ఆ పెద్ద పెద్ద ఆకులు చెట్టున ఉండగానే ఎర్రబారి, రాగిపళ్లాల్లా నేలకు దిగుతాయి. అలా రాలిన ఆకును, మందులు కొట్టని చెట్టుది, రోడ్డు పొగ తగలనిది, కడిగి ఎండబెట్టి తొట్టిలో వేయండి. రోజులు గడిచేకొద్దీ నీరు పలచని తేనెరంగుకు తిరుగుతుంది. ఆకులోని టానిన్లు చేసే పని అది. అమెజాన్‌లో కలిసే రియో నీగ్రో నది నల్లగా ఉండడానికీ కారణం ఇలాంటిదే; అడవి రాల్చిన ఆకుల, కుళ్లిన కొమ్మల సారమంతా ఆ నీటిలో ఉంది. దేశదేశాల చేపల ప్రేమికులు డబ్బిచ్చి తెప్పించుకునే ఆకు ఇది, మనకు వాకిట్లో రాలుతుంది. విస్తళ్లు కుట్టుకున్న ఆకు, చిన్నప్పుడు రాయితో కాయలు కొట్టుకుతిన్న చెట్టు ఆకు, ఎక్కడో భూగోళానికి అవతలివైపు ఉన్న అడవి సంధ్యను మన గదిలోకి దింపుతుంది! తెల్లని దీపకాంతి ఆ నీటిలో దిగి సాయంత్రపు వెలుగవుతుంది. రాళ్ల నీడలు మెత్తబడతాయి. ఇసుక మీది వెలుగువల బంగారం నుంచి పాతబంగారానికి మారుతుంది. నీరు సిద్ధం.

ఇప్పుడు రావచ్చు ఆలంబనం. నియాన్ టెట్రా. 3 సెంటీమీటర్లు దాటీ దాటని చేప. పశ్చిమ అమెజాన్‌లోని పెరూ, కొలంబియా, బ్రెజిల్ అడవి వాగులు దీని పుట్టిల్లు. 1936లో జార్జ్ మైయర్స్ దీనికి శాస్త్రనామం పెడుతూ అందులో విలియం ఇన్నెస్ పేరును నిలిపాడు. ఇన్నెస్ ఫిలడెల్ఫియాలో అక్వేరియం చేపల మీద పుస్తకాలూ పత్రికా వెలువరించిన రసికుడు. దీనికి అన్నలాంటిది కార్డినల్ టెట్రా. రియో నీగ్రో ఒడ్డున బార్సెలోస్ అనే పట్టణం ఆ చేపను పట్టే బతుకులతోనే పేరు పొందింది. కార్డినల్‌లో ఎరుపు గొంతు నుంచి తోక దాకా నిండుగా పారుతుంది. నియాన్‌లో సగానికే ఆగుతుంది. నిండుదనాన్ని మెచ్చేవాళ్లు కార్డినల్ మిన్న అంటారు. నా ఓటు నియాన్‌కే. ముందు సగం వెండిని అలాగే వదిలి, వెనక సగంలో మాత్రమే కుంకుమ అద్దిన ఆ నిగ్రహం ఉందే, దాని ముందు ఏ నిండుదనం నిలుస్తుంది!

ఒకటీ రెండూ తేవద్దు, పది పన్నెండు తెండి. రకానికొకటి చొప్పున నింపిన తొట్టి కన్నా ఒకే జాతి గుంపుగా తిరిగే తొట్టి ఎంతో రసవంతం. రాగాలన్నీ ఒక్కసారే పాడితే చెవికి దక్కేదేమిటి? దుకాణంలో ఆక్సిజన్ నింపి ఇచ్చిన చేపల కవరును తొట్టి నీటి మీద తేలనివ్వండి, లోపలి వేడీ బయటి వేడీ 25 డిగ్రీల దగ్గర ఒకటయ్యేదాకా. తర్వాత తొట్టి నీరు కొంచెం కొంచెంగా కవరులోకి పోస్తూ, చివరికి చేపలను వదలండి. పాలిపోయి ఉంటాయి. ప్రయాణపు బెదురు, నీలం ఉందో లేదో అన్నట్టు. ఆ పూట దీపం వేయకండి, మేత వేయకండి. ఆ చీకటి వాటికి మనమిచ్చే మొదటి మర్యాద.

మరునాటి ఉదయం! గదిలోకి పగటి వెలుగు నిండాకనే దీపం వేయండి. వేరు నీడలో ముందు కనబడేవి ఊదారంగు గీతలు. నియాన్ రాత్రిపూట తన నీలాన్ని ఊదాకు దించుకుంటుంది. చూస్తూ ఉండండి. ఊదా ఇంద్రనీలమవుతుంది, ఇంద్రనీలం నెమలికంఠమవుతుంది, నెమలికంఠం మండే నీలాకుపచ్చ అవుతుంది! కంటి మీదుగా మొదలై వీపు చివరి చిన్న రెక్క దాకా పాకిన ఒక్క గీత, ఎవరో మహాచిత్రకారుడు కుంచె ఎత్తకుండా లాగినది. ఆ గీతలో నీలిరంగు పదార్థమంటూ లేదు. చర్మకణాల్లో గ్వానిన్ స్ఫటికాల పలుచని పలకలు దొంతర్లుగా ఉంటాయి. వాటి నడుమ ఎడం మారేకొద్దీ కాంతి ఊదాగా, నీలంగా, పచ్చగా తిరిగివస్తుంది. నెమలి పింఛంలోని నీలం పుట్టుక కూడా ఈ తీరుదే. వెలుగు, నీరు, చేప ఒంపు, చూసే కన్ను, నాలుగూ కలిసిన చోట పుట్టే వన్నె ఇది. రసమూ అంతే కదా, ఏ పాత్రలోనూ నిలవ ఉండదు. సహృదయుడు ఎదుట కూర్చున్నప్పుడే పుడుతుంది.

గుంపు మళ్లే తీరు చెప్పకుండా ఎలా! ఒంటి పక్కన సాగిన పార్శ్వరేఖతో పొరుగు చేప కదలికను నీటి ఒత్తిడిలోనే చదువుకుంటాయవి. మిగతాది కన్ను చూసుకుంటుంది. తొట్టి ఎడమ కొస నుంచి నీలిగీతలన్నీ సమాంతరంగా వస్తాయి. పెద్ద రాయి దగ్గర అరక్షణం ఆగుతాయి. అంతలో, ఎవరు చెప్పారో, అన్నీ ఒక్కసారిగా ఒరుగుతాయి. నీలం చప్పున ఆరిపోతుంది, మరుక్షణం భగ్గున వెలుగుతుంది! మన ప్రబంధకవులు నాయిక కన్నులను బేడిసలతో పోల్చడాన్ని కొందరు అరిగిపోయిన ఉపమానమంటారు. ఏటి ఒడ్డున నిలబడి చేప తళుకును ఒక్కసారైనా చూసినవాళ్లు ఆ మాట అనలేరు. కదలకముందు నీటిలో ఉందో లేదో తెలియదు, కదలగానే తళుక్కుమంటుంది, పట్టుకోబోతే లేదు. వారచూపుకు అంతకన్నా సరితూగేది ఏ కవి తేగలడు!

అడుగున అయిదారు కోరిడోరాస్ ఉంటే ఇంకో సంతోషం. చిన్న మీసాలతో ఇసుకను తడుముకుంటూ తిరిగే సాధుజీవులు. అప్పుడప్పుడు కనుగుడ్డును కిందికి తిప్పుతాయి, అచ్చం కన్నుగీటినట్టే.

చాలా కాలం తర్వాత, గుంపు ఈ నీటిని తన ఇల్లనుకున్నాక, హనీ గౌరామి జంటను పిలవండి. అమెజాన్ కాదు, మన గంగా బ్రహ్మపుత్రల మైదానాల చేప. 1822లో గంగానది చేపల మీద గ్రంథం వెలువరించిన ఫ్రాన్సిస్ హామిల్టన్ దీని ఆడ మగలను రెండు వేరు జాతులనుకుని రెండు పేర్లు పెట్టాడు. ఆ పొరపాటు మగచేప అందానికి దక్కిన ప్రశంస! ఆడది లేత గోధుమవన్నె, పక్కన ఒక ముదురు చార. మగది మామూలు వేళల్లో అంతే సాదా. వలపు వేళ వచ్చిందా, ఒళ్లంతా తేనె కాగి నారింజకు తిరుగుతుంది, మొహం నుంచి పొట్ట కింది దాకా నల్లని నీలం దిగుతుంది, వీపు రెక్కకు పసుపు అంచు మెరుస్తుంది. టెట్రాలది ద్రుతమైతే గౌరామిది విలంబితం. పొట్ట దగ్గరి రెండు రెక్కలు దారాలై సాగి ఉంటాయి. వాటితో రాయిని, ఆకును, తోటి చేపను తాకి తాకి పలకరిస్తూ తిరుగుతుంది. గాలి పీల్చగల చేప కనుక గుక్క కోసం పైకి వస్తుంది. మనం నేల మీద కూర్చుని, కన్ను తొట్టి అడుగుకు దించి చూస్తుండగా, వెండిపలక మీద నీటిలోని మూతీ అద్దంలోని మూతీ కలుసుకుంటాయి. ఇన్ని వారాలు ఆగినందుకు ఇది చాలదూ!

మగది వాలిస్నేరియా ఆకులు పైన వంగి పరుచుకున్న మూలను ఎంచుకుంటుంది. గుక్క గాలి, నోటి తడితో పూత, ఒక బుడగ. మళ్లీ గుక్క, మళ్లీ బుడగ. ఆకుల కింద నురుగుగూడు కుదురుకుంటుంది. ఆపైన ఆడదాని ఎదుట నిలువునా లేచి, ఆ నల్లనీలపు గొంతును చూపిస్తూ నిలబడుతుంది, ఏమి రాజసం! ఆ దృశ్యం కనబడిన పూట ఇంట్లో ఏ పని ఉన్నా పక్కన పెట్టండి. పిల్లలను పిలవండి, పక్కింటివాళ్లనూ పిలవండి. అంతకన్నా ముందు ఫిల్టర్ ధారను బాగా తగ్గించండి, అల తగిలితే గూడు చెదిరిపోతుంది. జారిపడిన గుడ్లను నోటితో ఏరుకొచ్చి మళ్లీ బుడగల్లో అమర్చుకునేది ఆ తండ్రే. గుడ్లు పిల్లలయ్యేదాకా, ఒకటి రెండు రోజులు, మూత తీసి తొంగిచూడాలన్న ఆశను ఆపుకోండి. ముందు గాజులోంచి చూస్తే అంతా కనిపిస్తుంది.